స్థలాల వ్యాపారానికి పాడ్‌కాస్ట్ పనికొస్తుందా?

ప్రశ్న: మాది నెల్లూరు. 12 ఏళ్లుగా ఇళ్ల స్థలాలు, ఇళ్లు అమ్మిపెట్టే మధ్యవర్తిగా పనిచేస్తున్నాను. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరాలో ఏజెంటుగా నమోదు కూడా చేయించుకున్నాను. ఒకప్పుడు వేదాయపాళెం, పొదలకూరు రోడ్డు ప్రాంతాల్లో నలుగురికీ తెలిసి ఉంటే చాలు, బేరాలు వచ్చేవి. ఇప్పుడు కొనేవాళ్లలో చాలామంది చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, గల్ఫ్ దేశాల్లో ఉంటున్నారు. వాట్సాప్‌లో ఫొటోలు పంపితే చూసి వదిలేస్తున్నారు. పాడ్‌కాస్ట్ మొదలుపెట్టమని మా అబ్బాయి అంటున్నాడు. నెలకు ఇంత అని కడితే ఎపిసోడ్‌కు ఇన్ని వేల మంది వినేలా చూస్తామని ఒక ప్రచార సంస్థ హామీ ఇస్తోంది. ఆ డబ్బు పెట్టడం మంచిదేనా? అసలు ఏం మాట్లాడాలి? ఇప్పుడు నేను అమ్ముతున్న లేఅవుట్ గురించి అందులో చెప్పవచ్చా? వీడియో కూడా కావాలా?

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఫొటోలు చూసి వదిలేస్తున్నారన్నది. ఫొటోలు బాగా లేకపోవడం దానికి కారణం కాదు. ఏ లేఅవుట్ ఫొటో చూసినా అదే మట్టి రోడ్డు, అవే హద్దురాళ్లు, అదే కమాను కనిపిస్తాయి. వాటిని బట్టి షార్జాలో ఉన్న మనిషి మంచిచెడ్డలు తేల్చుకోలేడు. ఊళ్లో ఉన్నవాడైతే స్థలం చూడడానికి ముందే మిమ్మల్ని గురించి విచారిస్తాడు, పక్క వీధిలో ఉన్న బావమరిదిని అడుగుతాడు, రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసేవారిని కదిలిస్తాడు, ఆ నేల వెనకటి రోజుల్లో చేనా, చెరువా అని పెద్దవాళ్ల దగ్గర ఆరా తీస్తాడు. దూరాన ఉన్నవాడికి ఈ దారులేవీ లేవు. ఆ లోటును మీ గొంతు కొంతవరకు తీర్చగలదు కాబట్టి పాడ్‌కాస్ట్ మొదలుపెట్టమనే చెబుతాను. అయితే ఆ ప్రచార సంస్థకు డబ్బు కట్టవద్దు, పాడ్‌కాస్ట్‌ను స్థలాలు అమ్మే అంగడిగా మార్చవద్దు. ఈ రెండూ ఎందుకు వద్దంటున్నానో వివరిస్తాను.

ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ అనే రెండు మాటలు కలిపి 2004లో పాడ్‌కాస్ట్ అన్న పేరు పెట్టారు. రేడియోలాగా దీనికి వేళ లేదు; వినేవారు తమకు తీరిక దొరికినప్పుడు, చాలాసార్లు చేతులు వేరే పనిలో ఉన్నప్పుడు వింటారు. చెన్నై నుంచి నెల్లూరుకు సుమారు 175 కిలోమీటర్లు. శుక్రవారం రాత్రి ఊరికి బయలుదేరిన ఉద్యోగి కారు నడుపుతూ హోర్డింగును ఒక్క క్షణం చూస్తాడు, మీ మాటనైతే 20 నిమిషాలు వింటాడు. మామూలు కుటుంబం ఇంటి స్థలం కొనేది జన్మలో ఒకటి రెండుసార్లే. కొనాలన్న తలంపు పుట్టిన నాటి నుంచి రిజిస్ట్రేషన్ దాకా నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అంతకాలం ఆ మనిషికి మీ గొంతు పరిచయమై ఉండడమే పాడ్‌కాస్ట్ చేసే పని. వచ్చే నెలలో నాలుగు ప్లాట్లు అమ్ముడుపోవాలంటే దీనివల్ల కాదు, అందుకు వేరే మార్గాలున్నాయి.

ఏం మాట్లాడాలన్నది మీరు అడిగిన వాటిలో పెద్ద ప్రశ్న. మీకు ఎప్పటి నుంచో తెలిసినదై, దూరాన ఉన్న కొనుగోలుదారుకు తెలియనిదైన ప్రతి విషయమూ ఒక ఎపిసోడే. అంకణంతో మొదలుపెట్టండి. నెల్లూరులో స్థలం ధర అంకణాల్లో చెబుతాం. ఇక్కడ అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 చదరపు గజాలు. తిరుపతి వైపు వెళితే అదే మాటకు 36 చదరపు అడుగులనే అర్థం. హైదరాబాద్‌లో పెరిగిన వాడికి గజం తప్ప మరో లెక్క తెలియదు, ఇంకొన్ని ప్రాంతాల వారికి సెంటు అలవాటు. సెంటుకు 48.4 గజాలు కాబట్టి మన అంకణాలు ఆరు కలిస్తే ఇంచుమించు సెంటు అవుతుందని మీరు నోటితో చెప్పి, ఒక ప్లాటు ధరను మూడు కొలతల్లోనూ కట్టి చూపిస్తే, విన్నవాడు ఇక ముందు ఎవరు ధర చెప్పినా పోల్చుకోగలుగుతాడు. మీకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కొత్తగా కొనేవాడు మాత్రం అడగడానికి మొహమాటపడి, తెలిసినట్టు తలూపి, తరువాత ఇబ్బంది పడేది ఇక్కడే.

ఆ తరువాత ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఈసీలో ఏమీ లేదు కాబట్టి స్థలం శుభ్రంగా ఉందని చెప్పి ఎంతోమంది చేత అడ్వాన్సు ఇప్పించేస్తారు. ఈసీలో కనబడేవి మనం అడిగిన కాలంలో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. రిజిస్టరు కాని అగ్రిమెంటు, బయటపెట్టని వీలునామా, అన్నదమ్ముల మధ్య నడుస్తున్న భాగాల తగాదా, స్థలంలో పాక వేసుకుని ఉన్న మనిషి అందులో కనబడరు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో దొరికే ఈసీ 1983 నుంచే కాబట్టి అంతకు ముందరి సంగతులకు లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం చేతులు మారిన పాత దస్తావేజులు చూడాలి, ఆఫీసులో పాత రికార్డు వెతికించాలి. ఈ ఒక్క విషయాన్నే రెండు మూడు ఎపిసోడ్లుగా చెప్పవచ్చు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ సెక్షన్ కింద నిషేధించిన భూముల జాబితా అంటే ఏమిటి, ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు, వక్ఫ్ భూములు, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు అందులోకి ఎలా వస్తాయి, సర్వే నంబరును ఆ జాబితాతో ఎలా సరిచూసుకోవాలి అన్నది ఇంకొకటి. పొలం కొనేవారి కోసం సాగు వివరాలుండే అడంగల్, యాజమాన్య వివరాలుండే 1బీ చదవడం మరొకటి. స్థలం ధరకు తోడు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము ఎంతవుతాయో ముందే చెప్పడం కూడా మేలు. చాలామంది ఆ మొత్తాన్ని లెక్కలో వేసుకోకుండానే బేరానికి దిగుతారు.

ఇవన్నీ చెప్పేస్తే కొనేవాడు నా లేఅవుట్‌నే నిలదీస్తాడు కదా అని మీకు సందేహం రావచ్చు. నిలదీయాలి. కాగితాలు సరిగా ఉన్న స్థలాన్ని అమ్మేవాడికి ఆ ప్రశ్నల వల్ల లాభమే, ఎందుకంటే అదే ప్రశ్నలు అతను పక్క వెంచర్‌లోనూ అడుగుతాడు. కాగితాలు సరిగా లేని స్థలమైతే మీరు దాన్ని చేపట్టకూడదు.

స్థలం లోపాలు కూడా మీ నోటితోనే రావాలి. 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీటితో పెన్న పొంగినప్పుడు నెల్లూరులో ఏ వీధుల్లోకి నీళ్లు వచ్చాయో, కోవూరు వైపు పరిస్థితి ఏమిటో, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు నీరు ఏ దిక్కుగా నడిచిందో మీరు కళ్లారా చూసి ఉంటారు. బెంగళూరులో ఉండి నది ఒడ్డున చవకగా దొరికే స్థలం కోసం చూస్తున్న మనిషికి ఆ సంగతి చెప్పేవాళ్లు ఎవరున్నారు? ఆ రోజుల్ని గుర్తుచేసుకుంటూ, అక్కడ కాపురం ఉన్న ఇద్దరిని మాట్లాడించి ఒక ఎపిసోడ్ చేయండి. ఫలానా చోట కొనవద్దని మీరు తీర్పు చెప్పనక్కరలేదు. నీరు ఎంత ఎత్తున, ఎన్ని రోజులు నిలిచిందో చెబితే వినేవాడే నిర్ణయించుకుంటాడు.

పోర్టులు, విమానాశ్రయాలు, పరిశ్రమల వార్తల విషయంలో మీరు మరీ జాగ్రత్తగా ఉండాలి. మన తీరంలో భూమి ధరలను పెంచేవి ఆ వార్తలే. దుగరాజపట్నం దగ్గర కొత్త పోర్టు కట్టి, మొదటి దశను 2018 చివరికల్లా పూర్తిచేయాలని 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టంలోని 13వ షెడ్యూలులోనే రాశారు. పార్లమెంటు ఆమోదించిన చట్టంలో తేదీతో సహా రాసి ఉన్న పోర్టు కూడా ఆ తేదీకి రాలేదు. ఆ రోజుల్లో ఆ వైపు మా పెదనాన్నగారు ఒక ప్లాటు కొన్నారు. పిల్లల చదువుకు దాచిన డబ్బు అది. కరపత్రంలో గీసిన రోడ్డు ఈనాటికీ పడలేదు. అమ్మిన వారు అబద్ధం చెప్పారని నేను అనను. ప్రతిపాదనగా ఉన్నదాన్ని జరుగుతున్న పనిగా చెప్పారు, విన్నవారు అలాగే నమ్మారు. అందుకని మీ పాడ్‌కాస్ట్‌లో రామాయపట్నం పోర్టు గురించి గానీ దగదర్తి విమానాశ్రయం గురించి గానీ మాట్లాడవలసి వస్తే, ఆ పని ప్రతిపాదన దశలో ఉందా, అనుమతి వచ్చిందా, భూసేకరణ నడుస్తోందా, నిర్మాణం జరుగుతోందా అన్నది విడదీసి చెప్పండి. ఏ తేదీన రికార్డు చేస్తున్నారో ప్రతి ఎపిసోడ్ మొదట్లో చెప్పండి. ఈరోజు మాట్లాడింది మూడేళ్ల తరువాత కూడా ఎవరో వింటారు, ఆనాటి మాటను ఈనాటి మాటగా తీసుకుంటారు.

ఇప్పుడు మీరు అమ్ముతున్న లేఅవుట్ సంగతికి వస్తాను. దాని గురించి చెప్పవచ్చు, కానీ చెప్పిన మరుక్షణం అది చట్టం దృష్టిలో ప్రకటన అవుతుంది. 2016 నాటి రెరా చట్టం ప్రకటన అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో ఏ మాధ్యమంలో, ఏ రూపంలో చేసిన ప్రచారమైనా వస్తుంది. అభివృద్ధి చేసే స్థలం 500 చదరపు మీటర్లు దాటితే, అంటే మన లెక్కలో దాదాపు 75 అంకణాలు దాటితే, ప్రాజెక్టును రెరాలో నమోదు చేయకుండా ప్రకటించడానికే వీలులేదు. నమోదైన తరువాత ఇచ్చే ప్రకటనలో కూడా రెరా నమోదు సంఖ్య, రెరా వెబ్‌సైటు చిరునామా ఉండాలి. ఇది 11వ సెక్షన్. ఏజెంటుగా మీకు వర్తించేది 10వ సెక్షన్. నమోదు కాని ప్రాజెక్టులో ప్లాటు అమ్మిపెట్టకూడదని, లేని అనుమతులు ఉన్నట్టుగా రాతలోనే కాదు, నోటిమాటగా కూడా చెప్పకూడదని అందులో ఉంది. దీన్ని ఉల్లంఘిస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున, అమ్మిన ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు. ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారు పరిహారం కోరవచ్చని 12వ సెక్షన్ చెబుతోంది. ఆ బాధ్యత లేఅవుట్ వేసినవారిపై పడుతుంది కాబట్టి, మీరు నోరుజారి చెప్పిన మాట వారితో మీ సంబంధాన్నీ చెడగొడుతుంది. పాతిక మంది ముందు సైటులో చెప్పిన మాట గాలికి పోతుందేమో గానీ, పాడ్‌కాస్ట్‌లో చెప్పినది మీ గొంతుతోనే సాక్ష్యంగా మిగిలిపోతుంది.

అందువల్ల విషయం చెప్పే ఎపిసోడ్లను, లేఅవుట్ గురించిన ఎపిసోడ్లను కలపకండి. పదింటిలో ఒకటి రెండు లేఅవుట్‌కు కేటాయించండి. వాటి మొదట్లోనే ఇది ప్రకటన అని, ఈ అమ్మకంలో నాకు కమీషన్ వస్తుందని, నమోదు సంఖ్య ఇదని చెప్పి, అవే వివరాలు ఎపిసోడ్ కింద రాతలో పెట్టండి. లేఅవుట్ యజమాని మీకు డబ్బు ఇచ్చి మాట్లాడిస్తుంటే అదీ చెప్పాలి. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు శబ్ద మాధ్యమంలో ఆ సంగతి ఎపిసోడ్ మొదట్లోనూ చివర్లోనూ వినిపించాలని అంటున్నాయి. కమీషన్ సంగతి బయటపెడితే విలువ తగ్గుతుందని మనవాళ్లు అనుకుంటారు. మధ్యవర్తికి కమీషన్ ఉంటుందని ఊళ్లో అందరికీ తెలుసు, దాచినప్పుడే అనుమానం వస్తుంది.

అతిథుల విషయంలో రెండు మాటలు. వకీలును పిలిస్తే విషయం చెప్పించండి, అంతేగానీ ఆయన ఆఫీసు చిరునామా, ఫోను నంబరు చెప్పి ప్రచారం చేయకండి; వకీళ్లు తమను తాము ప్రకటించుకోకూడదని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. ఉద్యోగంలో ఉన్న సబ్ రిజిస్ట్రారుకు గానీ సర్వేయరుకు గానీ పై అధికారుల అనుమతి ఇబ్బంది ఉంటుంది, కాబట్టి పదవీ విరమణ చేసినవారిని అడగండి. నలభై ఏళ్లు గొలుసు పట్టి కొలిచిన సర్వేయరు హద్దు తగాదాల గురించి చెబుతుంటే వినడానికి కథలా ఉంటుంది, దానిని మించిన ఎపిసోడ్ ఉండదు. మీ దగ్గర కొన్నవారి అనుభవాలు చెప్పేటప్పుడు మాత్రం వారి పేరు, సర్వే నంబరు, కట్టిన మొత్తం వారి రాతపూర్వక అనుమతి లేకుండా బయటపెట్టకండి.

రికార్డింగుకు స్టూడియో అవసరం లేదు. ఫోనుకు తగిలించుకునే చిన్న కాలర్ మైకు ఒకటి కొనండి. గది ఎంచుకోవడంలోనే అసలు కిటుకు ఉంది. ఖాళీ గోడల గదిలో మాట మారుమోగుతుంది. పరుపు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న పడకగదిలో ఆ మోత ఉండదు. ఫ్యాను ఆపేయాలి. ఎండాకాలం నెల్లూరులో అది కష్టమే, అందుకే తెల్లవారుజామున కూర్చోండి, రోడ్డు మీద వాహనాల రొద కూడా అప్పటికి తక్కువగా ఉంటుంది. కోతలూ అతుకులూ చేయడానికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు, మీ అబ్బాయి నాలుగు రోజుల్లో నేర్చుకోగలడు. ఒక్క గొంతు మాట్లాడే 20 నిమిషాల ఎపిసోడ్‌ను 64 కేబీపీఎస్ మోనో ఎంపీ3గా తీస్తే 10 ఎంబీ లోపే ఉంటుంది, వాట్సాప్‌లో పంపడానికీ తేలిక. మీరు మీ నెల్లూరు మాటతీరులోనే మాట్లాడండి. టీవీ వ్యాఖ్యాతలా గొంతు మార్చితే ఊరి మనిషి గొంతు వింటున్నానన్న భరోసా పోతుంది, మీరు మొదలుపెట్టిందే దానికోసం.

వీడియో కావాలా అంటే, మొదటి ఆరు నెలలు అక్కరలేదు. అదే శబ్దాన్ని ఒక బొమ్మతో కలిపి యూట్యూబులో పెట్టండి, స్పాటిఫై, ఆపిల్ పాడ్‌కాస్ట్స్ వంటి చోట్ల కూడా ఉంచండి. కొత్త ఎపిసోడ్లను వేదికలకు అందించే ఆర్ఎస్ఎస్ లంకె ఒక్కటి ఇస్తే చాలా వేదికలు దానంతటదే తీసుకుంటాయి. మనవాళ్లు వెతికేది ఎక్కువగా యూట్యూబులో కాబట్టి పేరు పెట్టేటప్పుడు ఆలోచించండి. ‘ఎపిసోడ్ 4’ అని పెడితే ఎవరూ తెరవరు. ‘నెల్లూరులో అంకణం అంటే ఎన్ని గజాలు’ అని పెడితే, అది తెలియక వెతికే మనిషి నేరుగా మీ దగ్గరికి వస్తాడు. వారానికొకటి చేస్తానని మాట ఇచ్చి నాలుగో వారానికి ఆపేసే వారిని చాలామందిని చూశాను. నెలకు రెండు చాలు. ముందుగా ఆరు ఎపిసోడ్లు రికార్డు చేసి పెట్టుకుని, ఆ తరువాతే మొదటిది విడుదల చేయండి.

ఇక ఆ ప్రచార సంస్థ. ఎపిసోడ్‌కు ఇన్ని వేల మంది వింటారని ఎవరూ నిజాయతీగా హామీ ఇవ్వలేరు. ఇస్తున్నారంటే ఆ సంఖ్య ప్రకటనలతో కొన్నదైనా అయి ఉండాలి, మనుషులు కాని లెక్కైనా అయి ఉండాలి. నెల్లూరులో ఇల్లు కట్టుకోవాలనుకునే 200 మంది వింటే మీ వ్యాపారానికి చాలు. ఈ ఊరితో సంబంధం లేని 20,000 మంది విన్నా ఒరిగేది లేదు. మీరు లెక్క చూసుకోవలసినవి వేరే ఉన్నాయి. పాడ్‌కాస్ట్‌కు మాత్రమే ఒక ఫోను నంబరు పెట్టి, దానికి వచ్చే ప్రతి పిలుపునూ ఒక నోటు పుస్తకంలో రాయండి: ఏ ఊరి నుంచి, ఏ ఎపిసోడ్ విని, ఏమి అడిగారు అని. ఫోను చేసినవాడు ధర అడగకుండా లింకు డాక్యుమెంట్లు చూపిస్తారా అని అడిగాడంటే మీ ఎపిసోడ్ పనిచేసినట్టే. యూట్యూబ్ గ్రాఫులో వినేవాళ్లు ఏ నిమిషం దగ్గర ఎక్కువగా వెళ్లిపోతున్నారో కూడా చూడండి. చాలాసార్లు అది మొదటి రెండు నిమిషాల్లో, మన పలకరింపులూ ఉపోద్ఘాతమూ సాగుతున్నప్పుడే జరుగుతుంది, కాబట్టి నేరుగా విషయంలోకి దిగండి. ఏడాది గడిచాక ఆ నోటు పుస్తకం ముందు పెట్టుకుని, కొనసాగించాలా వద్దా అని మీరూ మీ అబ్బాయీ కూర్చుని నిర్ణయించుకోవచ్చు.

ఆ సంస్థకు నెలనెలా కట్టబోయే డబ్బులో కొంత మైకుకు పెట్టి, మిగిలినదాన్ని సర్వే నంబర్ల మీద న్యాయ సలహాకు ఖర్చుచేయండి. మీరు అమ్ముతున్న ప్రతి లేఅవుట్‌కూ లింకు డాక్యుమెంట్లు, ఈసీ, నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి, రెరా పత్రం ఒక దస్త్రంగా పెట్టుకుని, పాడ్‌కాస్ట్ విని ఫోను చేసినవారికి వారు అడగకముందే పంపించండి. ఆరు ఎపిసోడ్లు సిద్ధమయ్యాక, ఇంకా విడుదల చేయకముందే, మీ దగ్గర ఇదివరకు స్థలం కొని బయటి ఊళ్లలో ఉంటున్న ఇద్దరికి వాట్సాప్‌లో పంపి, ఎక్కడ అర్థం కాలేదో అడిగి, ఆ చోట్లు మళ్లీ రికార్డు చేయండి.